బీడీ కట్టలో పదిహేను గోలీలు

సాయవ్వ కట్ట నడుమ నుంచి ఒక బీడీ లాగి నోట్లో పెట్టుకుని అగ్గిపుల్ల గీసింది. దమ్ము లాగింది. పొగ రాలేదు. ఇంకో పుల్ల గీసి, దవడలు లోపలికి పోయేలా లాగింది. ఆకు అంచు మాడి కంపు కొట్టింది తప్ప పొగ జాడ లేదు! నలభై ఏళ్లుగా బీడీ తాగుతున్న మనిషి... పైగా ఆ ఇంట్లో బీడీలు చుట్టేది స్వయానా కోడలు! ఆమెకు ఒళ్లు మండింది.

"ఓ స్వరూపా! ఏం జుట్టుడే గిది? తంబాకు ఏశినవా, మరిశినవా?"

లోపలి గదిలో స్వరూప ముంబయి పార్సల్ కడుతోంది. రెండు లుంగీలు, అల్లం తొక్కు డబ్బా, కరకరలాడే గారెప్పల సంచి, ఆరు బీడీ కట్టలు... కోరుట్ల నుంచి రోజూ సాయంత్రం బయల్దేరే ముంబయి బస్సులో వేస్తే, మర్నాటికి అక్కడ బిల్డింగులకు రంగులేసే పనిలో ఉన్న భర్త మహిపాల్ చేతికి అందుతుంది. నెలనెలా జరిగే పనే. అత్త మాట చెవిన పడగానే ఆమె చేయి ఆగిపోయింది. గబగబా కట్టలు చూసుకుంది. ఐదే ఉన్నాయి!

ఆమె గడప దాటి వచ్చేసరికే సాయవ్వ ఆ బీడీని గోటితో విప్పేసింది. ఆకులోంచి తంబాకు రాలలేదు. తెల్లటి పెద్ద మందు గోలీ ఒకటి జారి ఆమె ఒళ్లో పడింది. సాయవ్వ ఒకసారి గోలీని, ఒకసారి కోడలిని చూసి, పుటుక్కున కట్ట దారం తెంపింది. పైవరుసలో పది నిజం బీడీలు. వాటి నడుమ, అచ్చం బీడీల్లాగే ఆకు చుట్టి కొనలు మడిచిన గోలీలు... విప్పినకొద్దీ వస్తూనే ఉన్నాయి. మొత్తం పదిహేను!

"ఏందే గివి?"

స్వరూప వంగి కింద పడిన ఆకులు ఏరబోయింది.

"ఏందే అంటున్న! నా కొడుక్కు దొంగతనంగ గోలీలు వంపుతున్నవా? ఎవ్వని దగ్గర దెచ్చినవ్? ఆన్ని గుప్పిట్ల వెట్టుకునేటందుకా... పానం దీసేటందుకా?"

"అత్తా... గట్లనకు. నీ కాళ్లు మొక్కుత."

"మరెట్లనాలె? మంచియే అయితే బీడీ కట్టల దాసుడెందుకు?"

న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబూ ఉంది. కానీ ఆ జవాబు ఎవరికీ చెప్పనని భర్త ఆమె చేత ఒట్టు వేయించుకున్నాడు... అదీ పదేళ్ల కూతురు దీప తల మీద చేయి పెట్టించి! స్వరూప తల వంచుకుని నిలబడింది. ఆ మౌనం సాయవ్వ అనుమానానికి ఆజ్యం పోసింది.

"నువ్వు జెప్పకు. ఆన్నే అడుగుత!"

ఫోన్ తీసి కొడుక్కు కలిపి, గట్టిగా వినపడే మీట నొక్కింది. ఆ సమయంలో స్వరూపకు ఒక పక్క భయం, ఒక పక్క చిన్న ఆశ. ఇక దాచడానికి ఏముంది? ఆయనే చెప్పేస్తాడు... 'అవ్వా, గవి నేనే పంపుమన్న' అంటాడు. ఆ ఒక్క మాట చాలు.

"ఓరి మహిపాలూ! నీ పెండ్లాం బీడీ కట్టల గోలీలు వెట్టి వంపుతాంది. నీకెరుకేనారా?"

అవతల బ్రష్షు డబ్బాకు తగిలిన చప్పుడు.

"గోలీలా? ఏం గోలీలవ్వా... నాకేం ఎరుక?"

ఫోన్ పెట్టేశాడు.

స్వరూప ఏడవలేదు. ఏడుపు కళ్లదాకా వచ్చి ఎండిపోయింది! తొమ్మిది నెలలుగా ఎవరి కోసం తన నోటి ముందరి గోలీ తీసి ఆకులో చుట్టిందో, ఆ మనిషి ఒక్క మాటతో చేతులు దులుపుకున్నాడు. ఆమె లోపలికి వెళ్లింది. బియ్యం డబ్బా వెనక నుంచి ఒక ప్లాస్టిక్ సీసా, జగిత్యాల పెద్దాసుపత్రి వాళ్లిచ్చిన పుస్తకం తెచ్చి అత్త ముందు పెట్టింది.

"గవి నేను తినే గోలీలే అత్తా. నాకు హెచ్చైవీ ఉన్నది. నీ కొడుక్కు గూడ ఉన్నది. నా గోలీలల్ల సగం ఆయనకు వంపుతున్న."

సాయవ్వ చేతిలోని దారం ముక్క కింద పడింది. వాకిట్లో కోడి దాన్ని పురుగనుకుని పొడిచి, వదిలేసి పోయింది.

జరిగింది ఇదీ.

సాయవ్వ పెనిమిటి ఓదెలు రాయికల్ చుట్టుపక్కల పేరున్న కల్లుగీత కార్మికుడు. తాటిచెట్టు మీంచి పడి చనిపోయాడు. ఆ శవాన్ని చిన్నతనంలో చూసిన మహిపాల్, పెద్దయ్యాక చెట్టెక్కనని మొండికేసి, ఊళ్లోని పది మందితో పాటు ముంబయి బస్సెక్కాడు. ఏడాదికి రెండుసార్లు వచ్చేవాడు. వచ్చినప్పుడు మురిపెం, పోయినప్పుడు దిగులు... బీడీల చాట ముందేసుకుని స్వరూప ఆ దిగుళ్లన్నీ దాటేసింది. కిందటేడాది వదలని జ్వరం పట్టుకుంది. జగిత్యాలలో రక్తం చూసి విషయం చెప్పారు. దేవుడి దయ, దీపకు లేదు! రోజుకొక గోలీ మొదలుపెట్టారు. ఆరు నెలలకు మళ్లీ రక్తం చూసి, "నీ రక్తంల పురుగు కనవడనంత తగ్గింది. గిట్లనే రోజూ ఏసుకో" అని అక్కడి కౌన్సెలర్ ఊర్మిల భుజం తట్టింది.

పెత్రమాస పండుగకు మహిపాల్ వచ్చాడు. పరీక్ష చేయించుకున్నాడు, ఏడ్చాడు, భార్య కాళ్ల మీద పడబోయాడు. మర్నాడు పేరు రాయించుకోవడానికి వెళ్లి వరుసలో నిలబడితే... ఎదురుగా తమ ఊరి గంగారాం! అతనూ అదే వరుసలో ఉన్నాడన్న సంగతి మహిపాల్ బుర్రకు ఎక్కనేలేదు. రుమాలు ముఖానికి అడ్డం పెట్టుకుని బయటపడ్డాడు. ఇంటికొచ్చి, "నాతోని గాదు. బొంబాయిల గూడ లైన్ల నిలవడ, ఆడ అంత మనోళ్లే. నీయే నాకు సగం వంపు. ఒక రోజు నువ్వు, ఒక రోజు నేను" అన్నాడు.

పెళ్లైన కొత్తలో ఇద్దరూ ఒక్క కంచంలో తిన్నారు. కూలి దొరకని రోజున ఒక్క రొట్టె చెరి సగం తుంచుకున్నారు. గోలీ కూడా అంతేననుకుంది స్వరూప. ఏమీ లేనిదానికంటే సగం నయం కదా! ఆయన ఉండే గదిలో పన్నెండు మంది. అక్కడ మందు సీసా కనబడితే వంద ప్రశ్నలు... బీడీ కట్ట కనబడితే ఎవడు అడుగుతాడు? ఐదు కట్టలు పంచి పెట్టి, ఆరోది దిండు కింద దాచుకునేవాడు. ఈ తెలివికి ఇద్దరూ మురిసిపోయారు కూడా!

ఆ తెలివి ఆమెను లోపల్నుంచి తినేస్తోంది. నెల నుంచి నోట్లో పుండ్లు, ఆకలి లేదు, జాకెట్లు వదులయ్యాయి. కిందటి నెల తీసిన రక్తంలో పురుగు మళ్లీ పెరిగిందని తేలింది. "గోలీలు ఇడిసిపెడ్తున్నవా?" అని ఊర్మిల గుచ్చి గుచ్చి అడిగితే, లేదని అబద్ధమాడింది. గురువారం మళ్లీ రమ్మన్నారు. ఈ మందు ఇక పనిచేయకపోతే... దీపను ఎవరు చూస్తారు? రోజూ ఆ ఒక్క భయంతోనే ఆమె చాట ముందు కూర్చుంటోంది.

కోడలు ఇదంతా చెప్పాక సాయవ్వ గొంతెత్తింది. ఓదెలు పేరు పెట్టి పిలిచి పిలిచి ఏడ్చింది. కొడుకును తిట్టింది, కోడలిని తిట్టింది, బొంబాయిని తిట్టింది. చందుర్తిలో ఉన్న వియ్యపురాలు కనకవ్వకు కబురు పెడతానంది. "నీ అవ్వగారింటికి పో" అని కూడా అనేసింది. ఆ సాయంత్రం పార్సల్ వెళ్లలేదు. మర్నాడు సాయవ్వ, స్వరూప తాగే చెంబును చేత్తో ముట్టకుండా కర్రతో బయటికి జరిపింది. దీప చూసి, "నాయినమ్మా, అమ్మ చెంబు బయట వెట్టినవేంది?" అంటే కోళ్ల మీద కసిరింది.

గురువారం పొద్దున స్వరూప చీర మార్చుకుని బయల్దేరింది. వాకిట్లో సాయవ్వ అప్పటికే చెప్పులు వేసుకుని నిలబడి ఉంది. కొంగుకు ఏదో మూట కట్టుకుంది.

"నేనూ వస్త. నిజమెంతో, అబద్ధమెంతో నా చెవులతోని వింట."

బస్సులో ఇద్దరూ చెరో సీటులో కూర్చున్నారు.

ఊర్మిల గదిలో రెండు కుర్చీలు, ఒక బల్ల. స్వరూప అనుమతితోనే ఆమె సాయవ్వను లోపలికి పిలిచింది. అత్త ముందు స్వరూప ఈసారి ఏమీ దాచలేదు. మొత్తం విన్నాక ఊర్మిల కోప్పడలేదు. కాసేపు నుదురు రుద్దుకుంది.

"నెలనెలా సీస ఖాళీ అయితాంటే, ఒక్క గోలీ ఇడువకుంట తింటున్నవని సంబురపడ్డ స్వరూపా! గిది నా ఆలోచనకు రాలె."

సాయవ్వ కొంగు మూట విప్పి బల్ల మీద పెట్టింది. లోపల ఆ పదిహేను గోలీలు. బీడీ చుట్టే తునికాకు మెత్తబడాలని తడిపి, తడి గోనెలో చుట్టి ఉంచుతారు. ఆ చెమ్మకు గోలీలు ఉబ్బి, ఆకు మరకలు పట్టి, కొన్ని అంచులు రాలిపోయి ఉన్నాయి. అంత దగ్గరగా వాటిని చూడడం స్వరూపకూ అదే మొదటిసారి!

"జూడు బిడ్డా, గివి మంచియేనా?" అని ఊర్మిలను అడిగింది సాయవ్వ.

"కావవ్వా. గీ గోలీకి తేమ పడది. అందుకే సీసల చిన్న పొట్లం ఒకటి ఉంటది, గది పారెయ్యద్దు, మూత గట్టిగ వెట్టాలె. గీ సీసలకెళ్లి తీసి ఇంకో దాంట్ల వెట్టద్దు."

"మరి సగం సగం తింటే ఏమైతది?"

ఊర్మిల బల్ల మీదికి వంగింది. "రోజూ ఒకటి పడితే గా పురుగు లేవకుంట అణిగి ఉంటది. ఒక రోజు ఏసి ఒక రోజు ఇడిసిపెడ్తే, మెల్లమెల్లగ గోలీకే అలవాటు పడ్తది. ఇగ తర్వాత రోజూ ఏసినా లెక్క చెయ్యది. సగం తిన్నోళ్లకు సగం పని చేస్తదనుకోకున్రి. ఇద్దరికీ లేకుంట పోతది!"

స్వరూప రెండు చేతుల్లో ముఖం దాచుకుంది. తను పస్తుండి ఆయనకు పెడుతున్నాననుకుంది ఇన్నాళ్లూ... పెట్టింది ఏమీ లేదా? ఆయనకు పట్టెడు బలం కూడా పోయలేదా? ఆ గదిలో అప్పుడు ఆమెకు కళ్లనీళ్లు వచ్చాయి. తొమ్మిది నెలల నీళ్లు!

సాయవ్వ కోడలి వైపు చూడకుండా, గోడనున్న క్యాలెండరు వైపు చూస్తూ మాట్లాడింది.

"మా ఆయన గట్లనే వోయిండు బిడ్డా. తమ్ముడు మల్లయ్యకు చెట్టెక్కే మోకు తెగింది. 'నాది కొత్తది, నువ్వు కట్టుకో తమ్మీ' అని నడుముకున్న మంచి మోకు ఇప్పి ఇచ్చిండు. తను పాతది కట్టుకోని ఎక్కిండు. అందరు ఓదెలు మంచోడు, మంచోడు అన్నరు. నేనే ఆ మంచితనాన్ని తిట్టుకుంట ముప్పై ఏండ్లు బతికిన..." అప్పుడు కోడలి వైపు తిరిగింది. "గిప్పుడు నువ్వు గూడ నడుముకున్నది ఇప్పి ఇచ్చినవా బిడ్డా? నా కొడుకు కోసం... నేను తిడుతుంటె గూడ నోరిప్పకుంట!"

పన్నెండేళ్ల కాపురంలో సాయవ్వ ఆమెను 'బిడ్డా' అని పిలవడం అదే మొదటిసారి. స్వరూప అత్త ఒళ్లో తల పెట్టేసింది. సాయవ్వ ఆ తల మీద చేయి వేసి, అలాగే ఉంచి, తను అడగాల్సినవన్నీ అడిగింది.

అడగాల్సినవి చాలానే ఉన్నాయి! ఒక్క చెంబుతో నీళ్లు తాగితే, ఒక్క కంచంలో తింటే అంటదని విన్నాక, "అయ్యో, చెంబు" అని నాలుక కరుచుకుంది. గోలీ రోజూ ఒక్కటే టైముకు వేసుకోవాలి. మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి గానీ, నిన్నటిదీ నేటిదీ కలిపి రెండు మింగకూడదు. పానం మంచిగా ఉందని మానకూడదు. కడుపుబ్బరానికి ఊళ్లో డాక్టరిచ్చే గ్యాసు మందు, రక్తం పట్టే ఐరన్ గోలీలు కూడా అడగకుండా దీనితో కలిపి వేసుకోకూడదు. స్వరూప గతుక్కుమంది... రెండు నెలలుగా గ్యాసు మందు తాగుతూనే ఉంది మరి! డాక్టరు చూసి, నోటి పుండ్లకు మందు రాసిచ్చి, మూడు నెలలు ఒక్క రోజు తప్పకుండా వేసుకుని రమ్మన్నాడు. అప్పుడు రక్తం మళ్లీ చూస్తారు. తగ్గితే ఇదే మందు. తగ్గకపోతే వేరే మందు ఆలోచించాలి.

"మరి మావోడు?" అంది సాయవ్వ.

"ఆయన రావాలె. ఆయన రక్తం చూసి, ఆయన పేరు మీద ఆయన సీస ఇస్తరు. బొంబాయిల ఉంటే ఆడికే కాయితం రాసిస్తం, ఆడ తీసుకోవచ్చు. పైసలు ఏమీ లేవు."

తిరుగు బస్సులో అత్తాకోడళ్లు ఒక్క సీటులో కూర్చున్నారు. ఆ సాయంత్రం పార్సల్ వెళ్లింది. లుంగీలు, తొక్కు, గారెప్పలు. బీడీ కట్ట ఒక్కటీ లేదు. సాయవ్వ ఫోన్ చేసి నాలుగే మాటలు చెప్పింది.

"పార్సల్‌ల గోలీలు లేవు. ఇగ రావు. నీ పెండ్లాం అంత జెప్పింది. ఇంటికి రా."

మహిపాల్ వారం తర్వాత వచ్చాడు. తెల్లారి బస్సు దిగి, సంచి అరుగు మీద పెట్టి, లోపలికి రావాలా వద్దా అన్నట్టు కూర్చున్నాడు. చెంపలు లోపలికి పోయాయి, చొక్కా వేలాడుతోంది. దీప వచ్చి మెడకు చుట్టుకుంటే దాన్ని ఎత్తుకోలేక ఆయాసపడ్డాడు. స్వరూప చాయ్ తెచ్చి ఇచ్చింది.

ఎనిమిదింటికి బడి వ్యాను హారన్ మోగింది. దీప పరుగెత్తింది. స్వరూప రోజూ గోలీ వేసుకునే టైము అదే. అరుగు చివర కూర్చుని సీసా మూత తీసి ఒక గోలీ అరచేతిలో వేసుకుంది. మహిపాల్ చూస్తున్నాడు. పది రోజులుగా అతని దగ్గర ఒక్కటీ లేదు. ఆలోచన లేకుండానే, తొమ్మిది నెలల అలవాటుతో, అతని చేయి ముందుకు వచ్చింది.

స్వరూప ఆ చేతిని చూసింది. రంగు మరకలు, పగిలిన గోళ్లు... పన్నెండేళ్లుగా అడిగింది లేదనకుండా తను పెడుతూ వచ్చిన చేయి! గుండె కరిగి నీరైంది. సీసా ఒంపడానికి చేయి లేవబోయింది కూడా. పెట్టడం ఆమెకు తెలిసినంత బాగా ఇంకేమీ తెలియదు.

గోలీ నోట్లో వేసుకుని నీళ్లు తాగింది. సీసా మూత గట్టిగా తిప్పింది.

"నీది జగిత్యాలల ఉన్నది. లే. బస్సుకు టైమైతాంది."

మహిపాల్ చేయి ఒళ్లోకి పడిపోయింది. "గా రోజు ఫోన్ల... నాకేం ఎరుక అన్న. భయమైంది స్వరూపా. తప్పైంది..."

"నాకు యాదికున్నది," అంది స్వరూప. సీసా లోపల పెట్టొచ్చి, "ముఖం కడుక్కో. నీళ్లు తోడిన," అంది.

ఆసుపత్రి వరుసలో ఆ రోజు కూడా గంగారాం ఉన్నాడు! మహిపాల్ చేయి రుమాలు వైపు పోయింది. సాయవ్వ ఆ రుమాలు లాగి తన భుజాన వేసుకుంది. "నీ పెండ్లాం ఇన్ని దినాలు ముఖం దాసుకోకుంట ఈడ్నే నిలవడ్డది. నిలవడు." గంగారాం వెనక్కి తిరిగి చూసి, పక్కకు జరిగి, "రా మహిపాలూ, ఈడ నీడ ఉన్నది" అన్నాడు. అంతకంటే ఏమీ జరగలేదు. ఆకాశం ఊడిపడలేదు.

మూడు నెలలకు మళ్లీ పెత్రమాస వచ్చింది. పండుగ ముందు రోజే ఊర్మిల ఫోన్ చేసింది. స్వరూప రక్తంలో పురుగు మళ్లీ కనబడనంత తగ్గింది! మందు మార్చే అవసరం లేదు. విన్న సాయవ్వ, ఓదెలు పటానికి బొట్టు పెడుతూ పెడుతూ అక్కడే కూలబడి ఏడ్చింది.

పండుగ మర్నాడు బడి వ్యాను హారన్ మోగేసరికి అరుగు మీద రెండు సీసాలున్నాయి. రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి, స్వరూప తన సీసా మెడకు బీడీలు కట్టే దారం చుట్టుకుంది. సాయవ్వ ఒక్క చెంబుతో నీళ్లు తెచ్చి ఇద్దరి నడుమ పెట్టింది. మహిపాల్ తన సీసా మూత తీసి, కాస్త జంకుతూ భార్య వైపు చూశాడు.

"నువ్వు ముందు ఏసుకో," అన్నాడు.

స్వరూప వేసుకుంది. నీళ్లు తాగి చెంబు అతనికి అందించింది.